పటాలం వెంట వచ్చిన ఫిడేలు

మన సంగీతం ఎక్కడ పుట్టి పెరిగింది అని అడిగితే దేవాలయం, రాజాస్థానం, భజనమందిరం అని వెంటనే చెబుతాము. ఈ మూడింటి సరసన నాలుగవ స్థానం ఒకటి ఉన్నది. సంగీత చరిత్రకారులు దానిని ఒకటి రెండు వాక్యాలతో దాటిపోతారు. అది సైనిక శిబిరం. నేడు కర్ణాటక సంగీత కచేరీలో గాయకుని పక్కన తప్పనిసరిగా కనిపించే ఫిడేలు మన దేశానికి వచ్చినది ఆ దారినే. వయొలిన్, ఫిడేలు అనే రెండు పేర్లూ విదేశీయమైనవే. ‘వాయులీనం’ అన్నది తరువాతి కాలపు పండితులు కూర్చిన అందమైన పదం.

ఈ వాద్యాన్ని తెలుగువారి సొత్తుగా చేసినవారిలో అగ్రగణ్యులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు. వారి తండ్రి సైన్యంలో అధికారి. పరదేశపు పటాలంతో సముద్రం దాటి వచ్చిన వాద్యం ఒక తెలుగు సైనికుని కుమారుని చేతికి చేరి, విజయనగరంలో పీఠం వేసుకున్న చరిత్ర ఆసక్తికరమైనది. నాయుడు గారి జీవితకథలు చాలా వచ్చాయి. వాటిలో తండ్రిగారి ఉద్యోగం ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. ఆ ఒక్క వాక్యం వెనుక శతాబ్దిన్నర చరిత్ర ఉన్నది.

వయొలిన్ నేటి రూపాన్ని పొందినది 16వ శతాబ్దిలో, ఉత్తర ఇటలీలో. అక్కడి నుండి ఐరోపా అంతటా వ్యాపించి, వర్తకనౌకలు, యుద్ధనౌకలు ఎక్కింది. ఓడ మీద సంగీతమేమిటి అని మీకు సందేహం కలుగవచ్చు. లంగరు ఎత్తేటప్పుడు నావికులు పెద్ద ఇరుసును చుట్టూ తోసుకుంటూ తిరగాలి. వారి అడుగులన్నీ ఒకే లయలో పడకపోతే పని సాగదు. అందుకని ఒకడు పక్కన నిలబడి ఫిడేలు వాయించేవాడు. నెలల తరబడి సాగే ప్రయాణంలో విసుగు పోగొట్టడానికి, నావికులచేత నాట్యం చేయించి ఆరోగ్యం కాపాడటానికి కూడా అదే సాధనం.

ఓడ దిగిన తరువాత దానికి కోటలో ఆశ్రయం దొరికింది. సైనికుల కవాతుకు కావలసినవి డోళ్లు, వేణువులు, ఇత్తడి బూరలు. నడుస్తూ వాయించడానికి ఫిడేలు పనికిరాదు. కాని ఆ వాద్యగాండ్రలో చాలామంది రెండు వాద్యాలు నేర్చినవారు. పగలు మైదానంలో బూర ఊదినవాడే రాత్రి దొరల విందులో, నాట్యసభలో తంత్రీవాద్యం పట్టుకునేవాడు. చెన్నపట్నంలోని సెయింట్ జార్జి కోటలో ఇటువంటి బృందాల సంగీతం నిత్యం వినిపించేది. వాగ్గేయకారులు ముత్తుస్వామి దీక్షితుల కుటుంబం మణలి జమీందారుల ఆదరణలో ఉన్న కాలంలో ఆ సంగీతాన్ని విన్నది. దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1859) ఒక ఐరోపా విద్వాంసుని వద్ద సుమారు మూడేళ్లు ఫిడేలు నేర్చి, దానిని మన రాగాలకు అనువుగా మలచారు. ముత్తుస్వామి దీక్షితులు ఆ బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. ‘నోట్’ అనే ఆంగ్లపదం మీదుగానే వాటికి ‘నొట్టుస్వరాలు’ అనే పేరు వచ్చింది. బ్రిటిష్ రాజగీతపు వరుస కూడా వాటిలో ఉన్నది. పరాయి రాజును కీర్తించే బాణీ దేవీస్తోత్రంగా మారిపోయింది. ఇది అనుకరణ కాదు, సాహసం అనే చెప్పాలి.

ఇంతవరకు ఇటు వచ్చిన సైనికుని కథ. ఇటు నుండి అటు పోయిన సైనికుని కథ కూడా తెలుసుకుంటే గాని మన ప్రాంతపు సంగతి బోధపడదు.

ఈస్టిండియా కంపెనీ తన సిపాయిలను తొలిరోజుల్లో అధికంగా తెలుగునాట నుండి, తమిళనాట నుండి చేర్చుకున్నది. తెలుగు సిపాయిలు వంగదేశం వరకు వెళ్లి పేరు తెచ్చుకోవడంతో ఉత్తరాది భాషలలో ‘తిలంగా’ అనే మాటకు సిపాయి అనే అర్థమే స్థిరపడిపోయింది. ఒక జాతి పేరు ఒక వృత్తికి పేరైపోవడం విశేషం. నాయుడు అనే మాటకు నాయకుడని అర్థం. సైన్యంలో నేటికీ ఉన్న ‘నాయక్’ హోదా కూడా ఆ కుదురు నుండి వచ్చినదే.

మన ఉత్తర సర్కారులలో ఈ సైనిక జీవితానికి బలమైన పునాది పడింది. 1758 డిసెంబరు 7న చందుర్తి వద్ద ఫ్రెంచివారిని కర్నల్ ఫోర్డు ఓడించినప్పుడు విజయనగరం ప్రభువు ఆనందగజపతి అతని పక్షాన నిలిచారు. ఆ తరువాత 36 సంవత్సరాలకు, 1794 జూలై 10న పద్మనాభం వద్ద అదే విజయనగరం ప్రభువు వంశీయుడు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణాలర్పించారు. అనంతరం విజయనగరం కంపెనీ పటాలాలకు స్థావరమైంది. కోటకు ఒక మైలు దూరంలో దండు వెలసింది. నేటికీ ఆ పట్టణంలో ‘కంటోన్మెంటు’ అనే పేరు నిలిచి ఉన్నది.

అయితే మనవారు సముద్రయానానికి మొదటి నుండీ సిద్ధంగా లేరు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో ఒక ఘటన జరిగింది. హైదరాలీతో యుద్ధం వచ్చి, సిపాయిలను ఓడలో చెన్నపట్నం పంపడానికి ఆజ్ఞ వెలువడింది. సిపాయిలు ఓడ ఎక్కడానికి నిరాకరించి తిరుగబడ్డారు. కొందరు ఆంగ్లేయులు హతులయ్యారు. 1857 నాటి మహా తిరుగుబాటుకు 77 సంవత్సరాల ముందు మన తీరంలో జరిగిన ఈ ఘటన పాఠ్యపుస్తకాలలో ఇంకా తగిన స్థానం పొందలేదు. సముద్రం దాటితే కులధర్మం చెడుతుందన్న భయం, ఇంటివద్ద భార్యాబిడ్డలను ఎవరు చూస్తారన్న బెంగ, ఓడలో తిండినీళ్ల ఇబ్బంది - సిపాయికి ఓడ అంటే ఇవన్నీ గుర్తుకు వచ్చేవి.

తరువాతి తరాలలో పరిస్థితి మారింది. మద్రాసు సైన్యపు సిపాయిలు 1811లో జావాకు, 1824లో బర్మాకు, 1840లో నల్లమందు యుద్ధంలో చైనాకు వెళ్లారు. బర్మా యుద్ధానికి కదలవలసి వచ్చినప్పుడు వంగ సైన్యంలో బారక్‌పూర్ వద్ద తిరుగుబాటు చెలరేగగా, మద్రాసు సిపాయిలు ఓడలెక్కి రంగూను చేరారు. విదేశంలో ఉన్నంతకాలం జీతానికి తోడు ‘బత్తా’ లభించేది. ఎంత కాలం పనిచేసినా భారతీయునికి దక్కే అధికార పదవులు మాత్రం జమాదారు, సుబేదారు, సుబేదారు మేజరు. తల నెరిసిన సుబేదారు మేజరు కూడా నిన్నగాక మొన్న వచ్చిన ఆంగ్ల లెఫ్టినెంటుకు లోబడవలసిందే. రాజు పేరిట వచ్చే పూర్తి అధికారపత్రం భారతీయులకు 1917 తరువాతనే దక్కింది.

19వ శతాబ్ది చివరికి తెలుగు సైనికునికి ఈ తలుపు కూడా మూసుకుపోసాగింది. పంజాబీలు, గూర్ఖాలు, పఠానులు మాత్రమే ‘యుద్ధజాతులు’ అనే సిద్ధాంతం ఆంగ్ల సేనానులలో ప్రబలింది. రాబర్ట్స్ ప్రభువు వంటివారు దక్షిణాది సైనికులను చిన్నచూపు చూశారు. తెలుగువారి నియామకాలు క్రమంగా క్షీణించాయి. 1895లో మద్రాసు సైన్యం అనే ప్రత్యేక వ్యవస్థే రద్దయినది. జావాలో, బర్మాలో, చైనాలో పోరాడినవారి మనుమలు యుద్ధానికి పనికిరారని తేల్చడం చరిత్రలోని అన్యాయాలలో ఒకటి. ప్రపంచయుద్ధాలు వచ్చి మనుషుల అవసరం పడిన తరువాత గాని ఆ సిద్ధాంతం సడలలేదు.

సరిగ్గా ఆ సంధికాలంలో, 1893 నవంబరు 8న, దీపావళి పండుగనాడు వెంకటస్వామినాయుడు గారు బెంగుళూరులో జన్మించారు. తండ్రి వెంకటరాయలు గారు సైన్యంలో కమీషన్డ్ ఆఫీసరు. దక్షిణ భారతంలోని పెద్ద దండులలో బెంగుళూరు ఒకటి. అక్కడ తెలుగు, తమిళ, కన్నడ భాషలతో పాటు ఆంగ్ల బ్యాండు కూడా వీధులలో వినిపించేది. తండ్రిగారు ఉద్యోగ విరమణ చేసిన తరువాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. బాలుడు పెరిగినది అక్కడే.

ఈ బాలునికి చిన్ననాటి నుండి కంటిచూపు తక్కువ. నల్లబల్ల మీది అక్షరాలు కనిపించనివానికి బడి చదువు సాగదు. దూరాన ఉన్న గురి కనిపించనివానికి పటాలంలో స్థానం ఉండదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు ఫిడేలు తెలిసినవారు. తమ్ముని చేతికి ఆ వాద్యాన్ని అందించి, గురువై నేర్పారు. చూపు సహకరించని లోటును చెవి తీర్చింది. ఒక్కొక్క స్వరాన్ని గంటల తరబడి సాధించి, నాదం శుద్ధమైతేనే ముందుకు సాగేవారు. తరువాతి కాలంలో శ్రోతలు వారి వాద్యంలో మొదట మెచ్చుకున్నది ఆ నాదశుద్ధినే.

1919 ఫిబ్రవరిలో విజయనగరంలో సంగీత పాఠశాల వెలసింది. దాని పుట్టుక వెనుక కూడా ఒక అంధ బాలుడు ఉన్నాడు. సంస్థానంలో ఉద్యోగి అయిన చాగంటి జోగారావు గారి కుమారుడు గంగరాజుకు చూపు లేదు. ఆ పిల్లవానికి సంగీతం చెప్పించాలన్న ఆలోచన పెరిగి, అందరికీ ఉపయోగపడే పాఠశాలగా రూపుదిద్దుకున్నది. మహారాజు విజయరామగజపతి దానిని స్థాపించి, హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారిని అధ్యక్షులుగా నియమించారు. దాసుగారు బొబ్బిలికి ఆవల అజ్జాడ గ్రామంలో పుట్టినవారు. గానంలో, కవిత్వంలో, బహుభాషా పాండిత్యంలో సాటిలేనివారు.

ఆ పాఠశాలలో విద్యార్థిగా చేరడానికి వెళ్లిన వెంకటస్వామినాయుడు గారిని అధ్యాపకునిగా చేర్చుకున్నారని ప్రసిద్ధి. అప్పటికి వారి వయస్సు 26 సంవత్సరాలు. విద్యార్థి కాబోయి అధ్యాపకుడు కావడం వినడానికి వింతగా ఉన్నా, దాసుగారి వంటి పరీక్షకుడు ఉన్నచోట అది సహజమే. పట్టాలు చూసి కాక విద్య చూసి ఉద్యోగమిచ్చిన రోజులవి.

ఇక్కడ వాద్యం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. పాశ్చాత్యుడు నిలబడి గాని కుర్చీలో కూర్చుని గాని, ఫిడేలును గడ్డానికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వాయిస్తాడు. అతని సంగీతంలో ఒక స్వరం నుండి మరొక స్వరానికి స్పష్టంగా అడుగు వేయడం ప్రధానం. మన సంగీతంలో స్వరం ఒక్కచోట నిలిచి ఉండదు. ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వెనుకకు వస్తుంది. దీనినే గమకం అంటారు. గమకం పలకాలంటే ఎడమచేయి తంత్రి మీద పైకీ కిందికీ ఏ అడ్డూ లేకుండా జారాలి. వాద్యాన్ని మోసే బరువు ఆ చేతిమీద ఉంటే జారడం కష్టం. అందుకని మనవారు నేలమీద కూర్చుని, కుడికాలు కొంచెం ముందుకు చాపి, ఫిడేలు కొసను చీలమండ మీద, మొదలును రొమ్ముకు ఆనించే పద్ధతిని ఏర్పరచుకున్నారు. తంత్రుల శ్రుతిని కూడా మార్చుకున్నారు. పాశ్చాత్యుల నాలుగు తంత్రులు నాలుగు వేర్వేరు స్వరాలకు శ్రుతి అయి ఉంటాయి. మనవి షడ్జం, పంచమం, మళ్లీ షడ్జం, పంచమం. చెక్కను, తంత్రిని మార్చలేదు. కూర్చునే తీరు, శ్రుతి, వేలి నడక మార్చారు. దానితోనే వాద్యం భాష మారిపోయింది.

నాయుడు గారు ఈ సంప్రదాయంలో నిలిచి, పాశ్చాత్యుల నుండి ఒక గుణాన్ని ఆదరంతో స్వీకరించారు. అది కమాను పట్టు. పాశ్చాత్య విద్వాంసులు కమానును ఒక కొస నుండి మరొక కొస వరకు నిండుగా లాగుతారు. నాదం బలంగా, ఏకధారగా వస్తుంది. మనవారిలో కొందరు చిన్న చిన్న లాగుళ్లతో పని జరుపుకునేవారు. నాయుడు గారి పొడవైన కమానులో గాయకుని దీర్ఘశ్వాస వినిపిస్తుందని రసికులు మెచ్చుకున్నారు. పరాయిదని విడిచిపెట్టకుండా, గొప్పదని తలకెత్తుకోకుండా, తనకు కావలసిన మేరకు తీసుకున్న ఈ వివేకం బాలుస్వామి దీక్షితుల నాటి వివేకమే.

మరొక మార్పు కూడా వారి వల్ల వచ్చింది. అంతకు ముందు ఫిడేలు పక్కవాద్యం. గాయకుడు పాడిన దానిని నీడవలె అనుసరించి, అతడు ఆగినప్పుడు అదే భావాన్ని తిరిగి పలికించడం దాని విధి. ఫిడేలు ఒక్కటే ప్రధానంగా రెండు మూడు గంటలు సభను నిలపగలదని నమ్మినవారు తక్కువ. 1938లో వేలూరులో నాయుడు గారు ఏకవాద్య కచేరీ చేశారు. పక్కన ఉండవలసిన వాద్యం నడిమికి వచ్చింది. నేడు ఇది సాధారణంగా తోచవచ్చు. ఆనాడు అది సంగీత సభల మర్యాదనే మార్చిన పని.

నాయుడు గారు విజయనగరంలో చేరే నాటికి మొదటి ప్రపంచయుద్ధం ముగిసి కొన్ని నెలలే అయినది. సంగీతం ఒకవైపు, పటాలం ఒకవైపు లాగినప్పుడు విద్వాంసుని గతి ఏమవుతుందో తెలుసుకోవడానికి ఆ యుద్ధంలో పాల్గొన్న ఫిడేలు విద్వాంసుని ఉదంతం ఒకటి చూద్దాం. ఫ్రిట్జ్ క్రైస్లర్ 1875లో వియన్నాలో జన్మించాడు. 1914 నాటికి ప్రపంచ ప్రఖ్యాతుడు. ఆస్ట్రియా సైన్యంలో రిజర్వు అధికారి కావడం వల్ల యుద్ధం ప్రకటించగానే పిలుపు వచ్చింది. ఫిడేలు విడిచి, రష్యా సైన్యాన్ని ఎదుర్కోవడానికి గలీషియా రంగానికి వెళ్లాడు. కందకాలలో ఉన్నప్పుడు ఫిరంగి గుండ్ల ధ్వనిలో ఒక భేదాన్ని అతని చెవి పసిగట్టింది. గుండు పైకి ఎగిరేటప్పుడు ఒక విధమైన మంద్రధ్వని, శిఖరం దాటి దిగేటప్పుడు మరొక విధమైన తీవ్రధ్వని. ఆ మార్పు ఎక్కడ జరుగుతున్నదో గుర్తించి చెప్పగా, తమ ఫిరంగుల గురి సరిచూసుకోవడానికి అధికారులు దానిని ఉపయోగించుకున్నారు. రాగభేదం గ్రహించడానికి సాధన చేసిన చెవి ప్రాణాలు తీసే లెక్కకు పనికి వచ్చింది. కొద్ది వారాలకే కోసాక్కుల దాడిలో గాయపడి అతడు సైన్యం నుండి విడుదలయ్యాడు. 1915లో ఆ నాలుగు వారాల అనుభవాన్ని పుస్తకంగా ప్రకటించాడు. అతని చేతులు దెబ్బతినకపోవడం సంగీత లోకపు అదృష్టం. అమెరికా 1917లో యుద్ధంలో దిగినప్పుడు, శత్రుసైన్యంలో పనిచేసినవాడన్న ద్వేషం వల్ల అక్కడ అతడు కచేరీలు మానుకోవలసి వచ్చింది.

రెండవ ప్రపంచయుద్ధం మన తీరానికే వచ్చింది. 1936లో నారాయణదాసు గారి తరువాత నాయుడు గారు కళాశాలకు అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారిని ‘సంగీత కళానిధి’ బిరుదుతో గౌరవించింది. ఆ డిసెంబరులోనే జపాను యుద్ధంలోకి దిగింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. నాయుడు గారు పెరిగిన ఊరు ఖాళీ అయి, జనం లోపలి గ్రామాలకు తరలిపోయారు.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు ఆ యుద్ధం ఇంకొక విధంగా కూడా తగిలింది. ఈ ప్రాంతం నుండి కూలి కోసం వేలాదిమంది బర్మాకు వెళ్లేవారు. రంగూనును మనవారు ‘రంగం’ అనేవారు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవులలో ఓడలెక్కి వెళ్లి, నాలుగు డబ్బులు కూడబెట్టుకుని వచ్చేవారు. 1942 మార్చిలో రంగూను జపాను వశం కావడంతో ఎందరో అడవులు, కొండలు దాటి కాలినడకన బయలుదేరారు. దారిలో ఆకలికి, జ్వరాలకు బలి అయినవారి లెక్క తేలలేదు.

ఆ సమయంలో సముద్రానికి ఆవలి గట్టున, సింగపూరులో, ఒక సైనిక సంగీతజ్ఞుడు ఉన్నాడు. కెప్టెన్ రాంసింగ్ ఠాకూరీ 1914 ఆగస్టు 15న ధర్మశాల వద్ద జన్మించిన గూర్ఖా. చిన్న వయస్సులోనే గూర్ఖా రైఫిల్స్‌లో చేరి, అక్కడి బ్యాండులో సంగీతం నేర్చాడు. అతని పటాలం 1941లో మలయాకు వెళ్లి, జపాను చేతిలో బందీ అయినది. తరువాత అతడు ఆజాద్ హింద్ ఫౌజులో చేరి, ఆ సైన్యపు పాటలకు బాణీలు కూర్చాడు. ‘కదమ్ కదమ్ బఢాయే జా’ బాణీ అతనిదే. నేతాజీ సుభాష్ చంద్రబోసు మెచ్చుకుని అతనికి కానుకగా ఇచ్చినది ఏమిటో తెలుసా? ఒక ఫిడేలు.

ఈ ఉదంతంలో మన తెలుగు నేలకు చెందిన వ్యక్తి కూడా ఉన్నారు. హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్ సఫ్రానీ జర్మనీలో చదువుకుంటూ నేతాజీని కలిసి, ఆయన కార్యదర్శి అయ్యారు. 1943 ఫిబ్రవరిలో నేతాజీతో కలిసి జలాంతర్గామిలో బయలుదేరి, మడగాస్కరు దరిదాపుల్లో నడిసముద్రంలో జపాను జలాంతర్గామికి మారి తూర్పుకు చేరినవారు ఆయనే. ‘జై హింద్’ నినాదాన్ని రూపొందించిన కీర్తి ఆయనకు దక్కింది. రవీంద్రుని ‘జనగణమన’ను సులభమైన హిందుస్తానీలోకి మార్చే పనిలో ఆయన పాలుపంచుకోగా, రాంసింగ్ దానిని వాద్యబృందానికి కూర్చాడు. 1780లో ఓడ ఎక్కము అని తిరుగబడిన సిపాయికీ, 1943లో జలాంతర్గామిలో మూడు నెలలు గడిపిన ఈ హైదరాబాదీకీ నడుమ ఎంత దూరమో ఆలోచించండి. మొదటివాడు పరాయివాని యుద్ధానికి పోనన్నాడు. రెండవవాడు తన యుద్ధమని పోయాడు.

1947 ఆగస్టులో ఢిల్లీ ఎర్రకోటలో జరిగిన స్వాతంత్ర్యోత్సవంలో రాంసింగ్ వాద్యబృందం వాయించింది. అతడు 2002లో మరణించాడు.

యుద్ధం ముగిసిన ఏడేళ్లకు నాయుడు గారి జీవితంలో ఒక ముఖ్యమైన కలయిక జరిగింది. యెహూదీ మెనూహిన్ అమెరికాలో పుట్టిన యూదు విద్వాంసుడు. ఫిడేలు వాదనంలో బాలమేధావిగా ప్రసిద్ధుడు. అతడు సైన్యంలో చేరలేదు గాని, యుద్ధకాలంలో మిత్రరాజ్యాల సైనికుల కోసం వివిధ రంగాలలో 500కు పైగా కచేరీలు చేశాడు. 1945 జూలైలో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరం నుండి బయటపడినవారి ముందు బెంజమిన్ బ్రిటన్ పియానోతో కలిసి వాయించాడు. 1952లో ప్రధాని నెహ్రూ ఆహ్వానంపై కరువు సహాయనిధి కోసం భారతదేశంలో కచేరీలు చేశాడు. ఆ పర్యటనలో మద్రాసు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారు గారి ఇంట నాయుడు గారి వాద్యం విని ముగ్ధుడయ్యాడు.

ఆ గదిలోని దృశ్యాన్ని ఊహించుకోండి. ఒకే చెక్క, ఒకే తంత్రులు, ఒకే కమాను. ఒకరు నిలబడి వాయించే సంప్రదాయంలో పెరిగినవారు. మరొకరు నేలమీద కూర్చుని, సరిగ్గా చూడలేని కళ్లను సగం మూసి, చీలమండపై వాద్యాన్ని ఆనించుకుని తోడిరాగం పలికించగలవారు. రెండు వందల ఏళ్ల క్రితం మన కోటలలో వినిపించిన వాద్యం ఏమైనదో వినే అవకాశం ఐరోపా సంప్రదాయపు విద్వాంసునికి అక్కడ లభించింది. నొట్టుస్వరాల కాలంలో నేర్పినవారు వారు, నేర్చినవారు మనవారు. ఈసారి వినడానికి కూర్చున్నది వారు.

అదే సంవత్సరం నాయుడు గారు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సభాభవనంలో అంధుల సహాయ సంఘానికి నిధుల కోసం కచేరీ చేశారు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1964 నవంబరు 25న వారు పరమపదించారు. శతజయంతి సంవత్సరమైన 1993లో తపాలా శాఖ వారి స్మారకంగా బిళ్లను వెలువరించింది. వారు నడిపిన కళాశాలలో సంగీతం అభ్యసించినవారిలో ఘంటసాల, నేదునూరి కృష్ణమూర్తి, పి. సుశీల ఉన్నారు. కుమార్తె మంగతాయారు గారు ఫిడేలు విదుషీమణిగా ప్రసిద్ధి పొందారు. ద్వారం నరసింగరావునాయుడు, ద్వారం భావనారాయణరావు గార్లు ఆ పీఠాన్ని కొనసాగించారు.

పటాలం కూడా ఈ ప్రాంతాన్ని విడిచిపోలేదు. 1962లో విజయనగరం సమీపంలోని కోరుకొండలో సైనిక పాఠశాల ఏర్పడింది. శ్రీకాకుళం, విజయనగరం గ్రామాల నుండి నేటికీ ఏటా ఎందరో యువకులు సైన్యంలో చేరుతున్నారు. సంగీత కళాశాలలో వయొలిన్ తరగతికి కొత్తగా వచ్చిన విద్యార్థికి, సరళీస్వరాలు మొదలు పెట్టక ముందే, గురువుగారు ఒక పని నేర్పుతారు. నేలమీద కూర్చుని, కుడికాలు కొంచెం ముందుకు చాపి, ఫిడేలు కొసను చీలమండ మీద నిలుపుకోవాలి.